షాపువాళ్లు అమ్మే అదనపు వారంటీకి కంపెనీ బాధ్యత ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి చదువు కోసం ల్యాప్‌టాప్ కొనబోతున్నాను. కంపెనీ వారంటీ ఏడాదే. ఇంకో రెండేళ్లకు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమని షాపువాళ్లు పట్టుబడుతున్నారు. తీసుకోకపోతే ఏడాది దాటాక మాకు ఏ హక్కూ ఉండదట. నిజమేనా? తీసుకున్నాక రిపేరు చేయం అంటే ఎవరిని అడగాలి? - ఒక పాఠకురాలు

జవాబు: ఏ హక్కూ ఉండదన్నది అమ్మకం కోసం చెప్పే మాట. వస్తువులో తయారీ లోపం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. అందుకు అదనపు వారంటీ కొని ఉండాలన్న షరతు లేదు. కాకపోతే వారంటీ నడుస్తుండగా చెడిపోతే బిల్లు చూపి బాగు చేయించుకుంటారు. గడువు దాటాక అది తయారీ నాటి లోపమేనని మీరే నిరూపించాలి. ఏడాదిన్నర వాడిన మదర్‌బోర్డు విషయంలో అది అంత తేలిక కాదు, నిపుణుల రిపోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. ఆ టెన్షన్ తప్పించుకోవడానికే ఈ అదనపు ఖర్చు.

అసలు చూడాల్సింది హామీ ఇస్తున్నది ఎవరన్నది. పేరు వారంటీయే అయినా చాలాసార్లు అది వేరే ఒప్పందం. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీయే గడువు పెంచితే అదే సర్వీస్ సెంటర్ చూసుకుంటుంది. షాపువాళ్లో, మరో సంస్థో ఇచ్చే ప్లాన్ అయితే తయారీ కంపెనీకి దానితో సంబంధం ఉండదు. ఆ సంస్థ రేపు మూతపడితే మీ చేతిలో కాగితం మిగులుతుంది. కొన్ని ప్లాన్ల వెనుక బీమా కంపెనీ ఉంటుంది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లే దారి బీమా పాలసీకే ఉంది, మామూలు వారంటీకి లేదు.

కౌంటర్ దగ్గర చెప్పే మాటల్ని నమ్మకండి, షరతుల కాగితం అడగండి. 'రెండేళ్లు' అన్నది మొదటి ఏడాదిని కలుపుకునా, అది అయిపోయాకనా? ఈ ఒక్క ప్రశ్నతోనే కొన్ని ప్లాన్ల విలువ సగానికి పడిపోతుంది. కింద పడటం, నీళ్లు ఒలకడం మామూలు ప్లాన్‌లో రావు, వాటికి విడిగా ప్రమాద రక్షణ తీసుకోవాలి. బ్యాటరీని కూడా తరచుగా మినహాయిస్తారు. డేటా పోతే బాధ్యత ఎవరూ తీసుకోరు. ప్రతి క్లెయిమ్‌కూ మీరు కొంత కట్టాలా, బాగు చేయలేకపోతే కొత్తది ఇస్తారా, తరుగు తీసేసి డబ్బిస్తారా అన్నవీ అందులోనే ఉంటాయి.

నా సలహా అడిగితే, మీ అమ్మాయి రోజూ కాలేజీకి మోసుకెళ్లేట్టయితే తయారీ కంపెనీ ఇచ్చే ప్రమాద రక్షణకు డబ్బు పెట్టడం మేలు. బల్ల మీదే ఉండే ల్యాప్‌టాప్‌కు షాపు ప్లాన్ నేనైతే తీసుకోను. ఇవాళే తేల్చుకోవాలన్న తొందర కూడా అక్కర్లేదు. చాలా కంపెనీలు అసలు వారంటీ నడుస్తున్నంతలో గడువు పెంచుకోనిస్తాయి, ఎప్పటిలోగా అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ప్లాన్ తీసుకుంటేనే ల్యాప్‌టాప్ అమ్ముతామంటే అది చట్టం దృష్టిలో నిర్బంధ వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్‌లో కొంటే, మీరు ఎంచుకోకుండానే ప్లాన్ దగ్గర టిక్ పెట్టి ఉంచడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి.

ఇక రెండో ప్రశ్న. ప్లాన్ తీసుకున్నాక కుంటిసాకులతో రిపేరు చేయకపోతే అది సేవాలోపం. తిరస్కరణను ఫోన్‌లో విని ఊరుకోకుండా మెయిల్‌లో రాబట్టండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కొన్ని గొడవలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ప్లాన్ ఇచ్చిన సంస్థతో పాటు, అమ్మిన షాపునూ ప్రతివాదిగా చేర్చండి. వివాదం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. సర్వీస్ సెంటర్ 'చూస్తున్నాం' అంటూ తిప్పుకున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.