ముక్కు లాగితే కోటేరు ముక్కు వస్తుందా?

ప్రశ్న: మా పాపకు నెల. నీళ్లు పోసే అవ్వ రోజూ ముక్కు పైకి లాగుతుంది, గుండ్రంగా రావాలని తల నొక్కుతుంది. పాప రొమ్ములు వాచాయని పిండుతుంది కూడా. వద్దంటే అత్తయ్యకు కోపం. – ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు రొమ్ముల సంగతి. పిండడం ఈరోజే మాన్పించండమ్మా. తల్లి హార్మోన్ల వల్ల వచ్చే వాపు అది. మగపిల్లలకూ వస్తుంది, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పిండితే చీము పట్టవచ్చు. అలా చీము పట్టిన పసివాళ్లకు నేనే కోత పెట్టాల్సి వచ్చింది. ముక్కు తీరు మీ ఇంటి పోలిక, వేళ్లతో రాదు. కాన్పులో సాగిన తల కూడా మెల్లగా సర్దుకుంటుంది. మాడు మీద మాత్రం అస్సలు నొక్కనివ్వకండి. ముక్కులో నూనె చుక్కలు వేస్తుంటే అదీ ఆపండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఒంటికి మెత్తగా నూనె రాసి, గోరువెచ్చటి నీళ్లు పోయడం బాగానే ఉంటుంది. అవ్వ పనితనమంతా అక్కడ చూపించమనండి! అత్తయ్యగారిని టీకాల రోజున మీ డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లండి, ఆవిడ ఈ మాట ఆయన నోటి నుంచే వింటారు.