బాకీల పుస్తకం ప్రేక్షకుల దగ్గరే ఉంటుంది

చిరంజీవికి,

నీ సైన్స్ ఫిక్షన్ సిరీస్ స్క్రిప్టు అందింది. ఆరు ఎపిసోడ్లూ రెండు రోజుల్లో చదివేశాను. దాంతో పాటు పెట్టిన ఉత్తరాన్ని మాత్రం మూడుసార్లు చదివాను. నీకు ఇష్టమైన సిరీస్‌లో ఒకే పాత్ర గురించి ఫ్యాన్స్ రాత్రంతా కొట్టుకుంటున్నారనీ, సగం మంది ‘ఎంత బాగా మారాడో’ అంటే మిగతా సగం ‘క్యారెక్టర్‌ని పాడుచేశారు’ అంటున్నారనీ రాశావు. అదంతా చదివి టెన్షన్ పట్టుకుందట. ఎవరూ వంక పెట్టలేని పాత్రను ఎలా రాయాలని అడిగావు.

అలాంటి పాత్ర జోలికి పోకు. ఎవరూ పోట్లాడుకోలేదంటే ఎవరికీ పట్టలేదని అర్థం. అయితే ఆ పోట్లాట దేని గురించో కాస్త చెవి పెట్టి విను. పైకి మంచివాడా చెడ్డవాడా అన్న గొడవలా ఉంటుంది. నాకు మాత్రం అది ఎప్పుడూ లెక్కల తగాదాలాగే వినిపిస్తుంది. ఈ మనిషి ఫలానా రోజు ఫలానా పని చేశాడు, దాని బాకీ తీర్చాడా, ఎగ్గొట్టాడా?

ఈ సంగతి నాకు సైన్స్ ఫిక్షన్ నేర్పలేదు. కొత్తల్లో ఒక డైలీ సీరియల్‌కి డైలాగులు రాసేవాణ్ని. అందులో పెద్దకొడుకు మహా కోపిష్ఠి. తమ్ముడి పెళ్లి చెడగొట్టి ఇల్లొదిలి పోతాడు. ఆ నటుడికి జనంలో పేరు రావడంతో పాత్రను మంచివాణ్ని చేసేయమని పైనుంచి మాట వచ్చింది. చేసేశాను. ఒక యాక్సిడెంటు, ఒక ఆస్పత్రి మంచం, రెండు ఎపిసోడ్ల కన్నీళ్లు. మూడోదానికి తమ్ముడి పక్కన కూర్చుని భోంచేస్తున్నాడు. ఆ వారం ఒక కార్డు వచ్చింది. అందులో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. ‘మరి ఆ పెళ్లికూతురు ఏమైంది?’ అని ఒక్క వాక్యం. పెళ్లి ఆగిపోయిన ఆ అమ్మాయిని నేను శుభ్రంగా మర్చిపోయాను. కార్డు రాసిన ఆవిడ మర్చిపోలేదు.

నువ్వు బాబిలాన్ 5 చూశావో లేదో, ఒక స్పేస్ స్టేషన్‌లో నడిచే అమెరికన్ సిరీస్. పైలట్ ఎపిసోడ్ 1993లో వచ్చింది, సిరీస్ 1994 నుంచి 1998 దాకా నడిచింది. 110 ఎపిసోడ్లలో 92 ఒక్కడే రాశాడు, జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీ. (ఆ అంకె తలుచుకుంటే నాకిప్పటికీ వేళ్లు నొప్పెడతాయి.) గ్రాఫిక్స్ ఇవాళ పాత వీడియో గేమ్‌లా కనిపిస్తాయి. నవ్వుకుని ముందుకు పో. నువ్వు చూడాల్సింది లాండో మొలారిని.

మొదట్లో లాండో ఒక జోకర్. పురివిప్పిన నెమలిలా నిక్కబొడుచుకున్న జుట్టు, తాగుడు, జూదం. చితికిపోయిన సామ్రాజ్యానికి రాయబారి. మొదటి సీజన్ నడుమ మోర్డెన్ అనే మర్యాదస్తుడొకడు స్టేషన్‌లో దిగి, రాయబారుల్ని ఒక్కొక్కరినే పట్టుకుని ‘నీకేం కావాలి?’ అని అడుగుతాడు. వాళ్లలో జీకార్ అనే రాయబారిది ఒకప్పుడు లాండో జాతి కింద బానిసలుగా బతికిన జాతి. ఆ పాత యజమానుల నాశనం కావాలంటాడు. ఆ తర్వాత ఏంటంటే అతని దగ్గర జవాబు లేదు. లాండో ముందు విసుక్కుంటాడు, తప్పించుకోవాలని చూస్తాడు. వదలకుండా అడిగేసరికి లోపలున్నదంతా కక్కేస్తాడు: మా వాళ్లకి పాత వైభవం తిరిగి రావాలి, అంతా మళ్లీ మునుపటిలా కావాలి. మోర్డెన్ వెతుకుతున్న మనిషి దొరికాడు. గమనించావా, లాండో అక్కడ మారలేదు. అప్పు కాగితం మీద సంతకం పెట్టాడు, అది అప్పని తెలియకుండానే.

మోర్డెన్ సాయంతో కోరిక తీరుతుంది. రెండో సీజన్ చివర్లో లాండో వాళ్ల ఓడలు జీకార్ గ్రహం మీద అంతరిక్షం నుంచి రాళ్లవర్షం కురిపిస్తుంటే, లాండో ఒక ఓడ కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటాడు. అద్దం మీద అతని మొహం, అద్దం అవతల విధ్వంసం. డైలాగు లేదు. నేనైతే అక్కడ ‘అయ్యో, ఎంత పని చేశాను’ అనిపించి సీను చెడగొట్టేవాణ్ని.

ఆ తర్వాతి ఎపిసోడ్‌లో లాండో సహాయకుడు వీర్, జీకార్ ఒకే లిఫ్టులో ఎదురుపడతారు. వీర్ మంచివాడు, ఇదంతా వద్దని మొత్తుకున్నవాడు. మాటలు కూడదీసుకుని సారీ చెప్తాడు. జీకార్ కత్తితో తన అరచేయి కోసుకుంటాడు. కిందపడే ఒక్కో రక్తపు బొట్టునీ ఒక్కో చావుగా లెక్కపెడతాడు. చచ్చిపోయినవాళ్లకి సారీ ఎలా చెప్తావని అడుగుతాడు. చెప్పలేనంటాడు వీర్. అయితే నేనూ క్షమించలేనంటాడు జీకార్. అప్పు చేసింది లాండో, నోటీసు అందింది వీర్‌కి. మూడో సీజన్లో మళ్లీ లిఫ్టే. ఈసారి బాంబు పేలి లాండో, జీకార్ ఇద్దరే అందులో ఇరుక్కుంటారు. లాండోని చంపితే దానికి 500 మంది జీకార్ మనుషుల్ని చంపుతారు, అది లాండో వాళ్లు పెట్టిన రూలే. కానీ లాండో తనంతట తనే పొగకి ఊపిరాడక పోతే? జీకార్ కూర్చుని హాయిగా నవ్వుతుంటాడు, కలిసి బయటపడదాం రా అని లాండో బతిమాలుతున్నా కదలడు. ఇంత భయంకరమైన కామెడీ నేను రాయలేను.

లాండోని క్షమించొచ్చా అన్న వాదన తెగదు. తెగకుండా రాయడమే స్ట్రాజిన్‌స్కీ గొప్పతనం, ఎందుకంటే రెండు వర్గాల చేతిలోనూ ఒకే లెక్క ఉంటుంది. తీర్పు దగ్గరే విడిపోతారు. నువ్వు భయపడాల్సింది ఈ గొడవకి కాదు. ‘అసలు ఆ విషయమే మర్చిపోయారేంటి?’ అన్న ఫిర్యాదుకి భయపడు.

స్టార్ ట్రెక్ సంగతి నీకు తెలిసే ఉంటుంది కాబట్టి క్లుప్తంగా రాస్తాను. అందులో ది నెక్స్ట్ జనరేషన్ అనే సిరీస్‌లో 1990లో కెప్టెన్ పికార్డ్‌ని బోర్గ్ అనే సగం మనుషులు సగం యంత్రాల జాతి వాళ్లు పట్టుకుపోయి తమలో కలిపేసుకుంటారు. అతని బుర్రలో ఉన్నది వాడుకుని అతని వాళ్లవే 39 ఓడల్ని నాశనం చేస్తారు, దాదాపు 11,000 మంది పోతారు. పికార్డ్‌ని కాపాడారు, కథ అయిపోయింది. అప్పటి టీవీ అలవాటు ప్రకారం పై వారం కొత్త గ్రహం, కొత్త గొడవ. కానీ రొనాల్డ్ డి. మూర్ రాసిన ‘ఫ్యామిలీ’ ఎపిసోడ్‌లో పికార్డ్ తను పుట్టి పెరిగిన ఇంటికి వెళ్తాడు. ద్రాక్షతోటలో అన్నతో కలబడి ఇద్దరూ బురదలో పడతారు, పగలబడి నవ్వుతారు, ఆ నవ్వులోంచే పికార్డ్ ఏడుపులోకి జారిపోతాడు. ఏడు సీజన్లలో ఓడ బ్రిడ్జి మీద, అంటే కెప్టెన్ కూర్చుని ఓడ నడిపించే గదిలో, ఒక్క సీనూ లేని ఎపిసోడ్ అదొక్కటే. అంతటితో చెల్లిపోయిందనుకున్నారేమో జనం. 1993లో ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్, డీప్ స్పేస్ నైన్ మొదలైంది. దాని నాయకుడు సిస్కో భార్య ఆ దాడిలోనే చనిపోయింది. పికార్డ్‌కి ఎదురుపడే సీన్లో సిస్కో కళ్లు చూడు. వేరే సిరీస్‌లో, వేరే మనిషి పాత చీటీ బయటికి తీశాడు.

సైన్స్ ఫిక్షన్‌లో ఇంకో ప్రమాదం ఉంది. మామూలు కథకుడికి లేని సదుపాయం మనకుంది: రుణమాఫీ. కాలంలో వెనక్కి వెళ్లి జరిగింది చెరిపేయొచ్చు, జ్ఞాపకాలు తుడిచేయొచ్చు, చచ్చినవాడికి సమాంతర విశ్వం నుంచి ఇంకో కాపీ తేవొచ్చు. స్టార్ ట్రెక్‌లోనే మరో సిరీస్ వాయేజర్‌లో 1997లో ‘ఇయర్ ఆఫ్ హెల్’ అని రెండు భాగాల కథ వచ్చింది. ఓడ ముక్కలవుతుంది, మనుషులు నలిగిపోతారు, చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. చివర్లో కాలం వెనక్కి తిరిగి అసలేమీ జరగనట్టయిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నది మనకే. జేబు కొట్టేసినట్టుంటుంది. నీ నాలుగో ఎపిసోడ్‌లో ఆ జ్ఞాపకాలు తుడిచే యంత్రం చూడగానే ఎర్రపెన్ను అందుకున్నాను. తీసెయ్.

ఫ్యాన్స్ మాట ఎంతవరకు వినాలో కూడా అడిగావు. నొప్పి ఎక్కడో వాళ్లు చెప్తారు, అది నమ్ము. మందు కూడా చెప్తారు, అది వాడకు. నా మటుకు నేను ‘ఆమె అలా చేయదు’ అన్న మాట వినిపిస్తే, ఆ సీను వదిలేసి దానికి ముందు ఎపిసోడ్ తిరగేస్తాను. తప్పు ఎక్కువసార్లు అక్కడే దొరికింది. కథల ఐడియాలు పంపితే మాత్రం చదవకుండా పక్కన పెట్టు, లేదంటే రేపు మా కథ కొట్టేశావంటారు. స్ట్రాజిన్‌స్కీ ప్రేక్షకులతో నేరుగా మాట్లాడేవాడు. తను రాయబోతున్న కథలాంటి ఐడియానే ఒక అభిమాని బయటపెట్టేసరికి, ఆ అభిమాని అభ్యంతరం లేదని రాసిచ్చేదాకా ఆ ఎపిసోడ్‌ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇక నీ కథలో ఓడ నడిపే పైలట్ అమ్మాయి. మూడో ఎపిసోడ్‌లో ఆపదలో ఉన్న ఓడ నుంచి పిలుపొస్తే రేడియో కట్టేస్తుంది. చాలా బాగుంది, నేను ఉలిక్కిపడ్డాను. నాలుగులో పార్టీలో డాన్స్ చేస్తోంది. ఐదులో కిటికీ ముందు నిలబడి ‘నేను మునుపటి మనిషిని కాదు’ అంటుంది, వెనక వయొలిన్లు. ఆ డైలాగు కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

దానికి బదులు ఇలా ఆలోచించు. రేడియో మీద పిలుపొచ్చినప్పుడు వెలిగే చిన్న ఎర్ర లైటు ఉందని నువ్వే రాశావు. నాలుగో ఎపిసోడ్‌లో ఆ లైటు మీద నల్ల టేపు అతికించి ఉండనీ. ఎవరు అతికించారో చెప్పకు. మెకానిక్ కుర్రాడు ‘ఇదేంటక్కా?’ అంటే ‘కళ్లకి కొడుతోందిరా’ అనేసి ఆమె మాట మార్చనీ. డాన్స్ కూడా ఉంచు, అబద్ధమాడాక ఆడే డాన్స్ వేరేగా ఉంటుంది. ఐదులో ఆ కుర్రాడే టేపు పీకేసి, అప్పటి రికార్డింగు విననీ. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉండగా విననీ. ఆ తర్వాత ఎవరేమంటారో నాకూ తెలియదు, నువ్వు రాస్తే చదవాలనుంది.

ఒక చిన్న సందేహం. ఆ పిలిచిన ఓడలో ఎంతమంది ఉన్నారో స్క్రిప్టులో ఎక్కడా లేదు, దానికి పేరు కూడా లేదు. నీకు తెలుసా, లేక నువ్వూ రేడియో కట్టేశావా? ఐదో ఎపిసోడ్ ముట్టుకునే ముందు ఆ సంగతి తేల్చుకుని నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు