850 టీ3 సిలిండర్లలో క్రోమ్ రాలుతున్నప్పుడు

మీ 1978 నాటి ఇటాలియన్ మోటార్‌సైకిల్ మోటో గుజ్జి 850 టీ3 ఇంజన్ ఆయిల్‌లో తళుకు రేకులు కనిపిస్తున్నాయని, పిస్టన్ రింగులు మారిస్తే చాలా అని అడిగారు. చాలదు. ఆ కాలపు సిలిండర్లు అల్యూమినియంవి. లోపలి గోడకు గట్టి క్రోమ్ పూత ఉండేది, వయసు మీరిన కొద్దీ అదే పెచ్చులుగా ఊడుతుంది. ముందుగా రేకులకు అయస్కాంతం చూపండి. అంటుకుంటే ఇనుప భాగమేదో అరుగుతోందన్నమాట. అంటుకోకపోతే సిలిండర్ల పైమూతలైన హెడ్లు విప్పి, రింగులు వెనుదిరిగే పైఅంచు వద్ద గోడను గోటితో తడిమి చూడండి.

క్రోమ్ పూత ఉన్న సిలిండరును మామూలు పద్ధతిలో బోర్ చేయించి (లోపలి గోడను చెక్కి వెడల్పు చేయించి) పెద్ద పిస్టన్ వేయడం కుదరదు కనుక, ఇటలీలో గుజ్జి కర్మాగారం ఉన్న మాండెల్లో డెల్ లారియోకే చెందిన జిలార్డోని సంస్థ తయారుచేసే నికసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన) పూత సిలిండర్లను, వాటికి జతపడిన పిస్టన్లతో సహా 83 మి.మీ. కొలతలోనే తెప్పించుకోవడం ఉత్తమం. చవకగా దొరికే పాత క్రోమ్ సిలిండర్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఎంత మెరిసినా వాటి వయసూ మీ సిలిండర్ల వయసే.

కొత్తవి బిగించే ముందు సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) తప్పక దింపాలి. టీ3లో ఆయిల్ ఫిల్టరు దాని లోపలే ఉంటుంది (ఈ అమరికను మెచ్చుకున్న మెకానిక్ నాకు తారసపడలేదు), కాబట్టి మునుపటి యజమాని దానిని మార్చకుండా వదిలేసి ఉండవచ్చు. ఆయిల్ పంపునూ, కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌షాఫ్టును పట్టుకునే చోట ఉండే బేరింగులైన బిగ్ ఎండ్ షెల్స్‌నూ పరీక్షించి, గీతలు పడిన షెల్స్ మార్చండి. గాస్కెట్లు సిలిండర్లతోపాటే ఆర్డరు చేస్తే రవాణా ఖర్చు ఒక్కసారితో పోతుంది.