లోకల్‌లో సర్టిఫికెట్ ఎర్రర్ వస్తోందని వెరిఫికేషన్ ఆపేయొచ్చా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: టీమ్‌లో అందరూ సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ (వేరే ఎవరూ ధ్రువీకరించకుండా తనకు తానే సంతకం చేసుకున్న సర్వర్ గుర్తింపు పత్రం) వాడుతున్నారు, బ్రౌజర్‌లో ఎర్ర స్క్రీన్ దాటుకుని ఎలాగోలా నెట్టుకొస్తున్నారు, కానీ నోడ్ సర్వీసు, జావా సర్వీసు మాత్రం ఒకదాన్నొకటి నమ్మట్లేదు. డెవలప్‌మెంటే కదా, వెరిఫికేషన్ ఆఫ్ చేసేస్తే పోలా అంటున్నారు.

వద్దండి. నేను ఆ పని చేసి దెబ్బతిన్నాను.

నోడ్‌లో సర్టిఫికెట్ తనిఖీని ఆపే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటుంది, దానికి సున్నా ఇస్తే చాలు. ఇవాళ్టికి నడవనీ, రేపు తీసేద్దాం అనుకుని దాన్ని డాకర్ బేస్ ఇమేజ్‌లో (మా సర్వీసులు నడిచే కంటెయినర్లకు మూలమైన అచ్చులో) పెట్టాను. తీయలేదు. అదే ఇమేజ్ స్టేజింగ్‌కి (విడుదలకు ముందు పరీక్షించే చోటుకి), అక్కడి నుంచి ప్రొడక్షన్‌కి (అసలు యూజర్లు వాడే చోటుకి) వెళ్లిపోయింది. 'ఈ సెట్టింగుతో కనెక్షన్లకు భద్రత లేదు' అని నోడ్ పాపం లాగ్‌లో వార్నింగ్ రాస్తూనే ఉంది, మేమూ రోజూ చూస్తూనే ఉన్నాం, చూసీ చూసీ అది కంటికి ఆనడం మానేసింది. ఎనిమిది నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడితే, ఆ లైన్ ఎవరు రాశారా అని గిట్‌లో చూశారు, నా పేరే. తనిఖీ ఆపేస్తే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కానీ అవతల ఉన్నదెవరో తెలియదు, మధ్యలో ఎవరు దూరి ఏ సర్టిఫికెట్ చూపించినా సరేనంటుంది.

మీరు చేయాల్సింది సొంతంగా ఒక చిన్న సర్టిఫికెట్ అథారిటీ, అంటే సర్టిఫికెట్ల మీద సంతకం చేసి ఇచ్చే ఏర్పాటు, పెట్టుకోవడం. ఎమ్‌కెసర్ట్ అనే టూల్ ఉంది, ఇన్‌స్టాల్ కమాండ్ ఒకసారి కొడితే మీ మెషీన్‌లో రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లన్నిటి నమ్మకానికి మూలమైనది) తయారుచేసి సిస్టమ్ నమ్మే జాబితాలో పెట్టేస్తుంది, తర్వాత మీకు కావాల్సిన పేర్లకి సర్టిఫికెట్లు ఇస్తుంది. పేర్లు సర్టిఫికెట్‌లో సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే గడిలోకి అదే వేస్తుంది. చేత్తో ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో చేసేవాళ్లు మర్చిపోయేది దీన్నే: కామన్ నేమ్ అనే పాత గడిలో మాత్రమే పేరు పెడితే క్రోమ్ 2017 నుంచి ఒప్పుకోవట్లేదు.

అయినా మీ నోడ్, జావా అరుస్తూనే ఉండొచ్చు. ఎందుకంటే ఎవరిని నమ్మాలన్న జాబితా మెషీన్ మొత్తానికి ఒకటే ఉండదు, ఎవరిది వాళ్లదే. జావా తన క్యాసర్ట్స్ ఫైల్ చూస్తుంది, జావాతో వచ్చే కీటూల్‌తో రూట్‌ని అందులో ఎక్కించాలి (జేడీకే మార్చినప్పుడు ఆ ఫైల్ కూడా కొత్తది వస్తుంది, మళ్లీ ఎక్కించుకోవాలి). నోడ్‌కి అదనపు రూట్ ఫైల్ ఎక్కడుందో చెప్పే వేరియబుల్ వేరే ఉంది, దాన్ని వాడండి. పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ సర్టిఫై ప్యాకేజీ తెచ్చిన జాబితా చూస్తుంది. అందుకే ఎర్రర్ వచ్చినప్పుడు ముందు అరుస్తున్నది ఏ ప్రోగ్రామో చూడండి, దానికి మాత్రమే నేర్పండి.

డాకర్ కంటెయినర్ మరీ వేరే లోకం, మీ లాప్‌టాప్ నమ్మేది దానికి తెలియదు. డెబియన్ ఇమేజ్‌లో రూట్‌ని కాపీ చేసి అప్‌డేట్ కమాండ్ కొడితే '0 యాడెడ్' అని వచ్చి సగం రోజు జుట్టు పీక్కున్నాను. కారణం? ఫైల్ పేరు చివర డాట్ పెమ్ అని ఉంది, అది డాట్ సీఆర్‌టీ అయితేనే చూస్తుందట! లోపల ఒక్క అక్షరం మార్చలేదు, పేరు మార్చగానే '1 యాడెడ్' అంది.

రూట్ ప్రైవేట్ కీని (సర్టిఫికెట్ల మీద సంతకం చేసే రహస్య కీని) మాత్రం కోడ్ రిపోలో పెట్టకండి, చాట్‌లో పంపకండి. అది ఎవరి చేతికి చిక్కినా మీ టీమ్ మెషీన్లన్నీ నమ్మే నకిలీ బ్యాంకు సైటు తయారుచేయగలరు. ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లు రూట్ చేసుకోవడమే మంచిది. అందరూ వాడే డెవ్ సర్వర్ ఉంటే దానికి అసలు డొమైన్ పేరు ఇచ్చి, ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి డీఎన్ఎస్ ఛాలెంజ్‌తో (డొమైన్ మీదేనని డీఎన్ఎస్ రికార్డుతో రుజువు చేసే పద్ధతిలో) సర్టిఫికెట్ తీసుకోండి, సర్వర్ బయటి ఇంటర్నెట్‌కి కనపడాల్సిన పని లేదు, ఎవరి మెషీన్‌లోనూ రూట్ ఎక్కించాల్సిన పనీ లేదు.

గడువు గొడవ ఎందుకని పదేళ్లకి ఒకేసారి ఇచ్చేద్దామనుకుంటే యాపిల్ మెషీన్లలో కుదరదు, సొంత అథారిటీ ఇచ్చినదైనా 825 రోజులు దాటితే తిరస్కరిస్తాయి. పబ్లిక్ సర్టిఫికెట్ల గడువైతే 2029 మార్చి నుంచి 47 రోజులకే పరిమితం కాబోతోంది, చేత్తో రెన్యూ చేసే రోజులు పోయినట్టే. మా సీఐలో (కోడ్‌ని ఆటోమేటిగ్గా బిల్డ్, టెస్ట్ చేసే వ్యవస్థలో) రోజూ పొద్దున ఒక జాబ్ ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో గడువు చూసి, 20 రోజుల లోపుంటే బిల్డ్‌ని ఫెయిల్ చేస్తుంది. మెయిల్ పంపేలా పెడితే ఎవరూ చదవలేదు.