టెక్ సందేహాలు: గేమ్ పూర్తి కాకముందే ప్రకటన ఎందుకు?

ప్రశ్న: జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6) వీడియో గేమ్ కోసం రెండేళ్లుగా డబ్బు కూడబెడుతున్నాను. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే అన్నారు, ఆపైన నవంబరుకు మార్చారు. గేమ్ సిద్ధం కాకుండానే కంపెనీలు ఎందుకు ప్రకటిస్తాయి? ప్లేస్టేషన్ 5 కన్సోల్ ఇప్పుడే కొనెయ్యాలా, లేక జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్న నా పీసీలోనే ఆడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కొనాలా వద్దా అన్నది మీ మొదటి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తేలుతుంది కనుక ముందు దాని సంగతి చూద్దాం. గేమ్ ఎంతవరకు తయారైందో చూసుకుని ప్రకటన చేస్తారని మనం అనుకుంటాం గానీ, ఆ సమయానికి కంపెనీ ఎవరికి ఏం చెప్పుకోవలసి వచ్చిందన్నదే చాలాసార్లు ఆ ముహూర్తాన్ని నిర్ణయిస్తుంది.

మీరు ఎదురుచూస్తున్న గేమ్‌నే తీసుకోండి. ఈ వరుసలో తదుపరి గేమ్ పని సాగుతోందని, దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ సంస్థ 2022 ఫిబ్రవరి 4న ట్రైలర్ ఏదీ లేకుండా, ఒక మాటగా మాత్రమే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో తయారీ దశలోని దాదాపు 90 వీడియో క్లిప్పులు ఇంటర్నెట్‌లోకి లీకయ్యాయి. ఆ తర్వాత 2023 నవంబరు 8న, డిసెంబరు మొదట్లో ట్రైలర్ విడుదల చేస్తామని ప్రకటించారు, అంటే ప్రకటన ఎప్పుడు వస్తుందో చెప్పడానికే మరో ప్రకటన చేశారన్నమాట. మన సినిమాల గ్లింప్స్ తేదీల పోస్టర్లకు అలవాటుపడిన వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. సరిగ్గా అదే రోజు రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్‌టూ తన త్రైమాసిక ఫలితాలను వెల్లడించింది. 2025 నవంబరు 6న విడుదలను 2026 నవంబరు 19కి వాయిదా వేసిన కబురు కూడా ఫలితాల రోజునే వచ్చింది.

ఇది కాకతాళీయం కాదని నా అభిప్రాయం. సినిమా వాయిదా పడితే నిర్మాత ఒక ట్వీట్‌తో సరిపెట్టవచ్చు గానీ, అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్‌డాక్‌లో నమోదైన కంపెనీ తన అతిపెద్ద ఉత్పత్తి ఏ ఆర్థిక సంవత్సరంలో వస్తుందో వాటాదారులకు చెప్పకుండా ఉండటం కష్టం. టేక్‌టూ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అందువల్ల 2025 నుంచి 2026 మే 26కి జరిగిన మొదటి వాయిదా రాబడిని ఒక ఆర్థిక సంవత్సరం దాటించింది, మే నుంచి నవంబరుకు జరిగిన రెండో వాయిదా మాత్రం అదే సంవత్సరం లోపలే ఉండిపోయింది. అభిమానికి ఆరు నెలల నిరీక్షణగా కనిపించే వాయిదాతో లెక్కల పుస్తకంలో పేజీ కూడా మారదు.

అందరూ ఇదే దారిన నడవరు. మరో గేమ్ కంపెనీ బెథెస్డా తన ఫాల్ఔట్ 4ను 2015 జూన్‌లో ప్రకటించి నవంబరు 10నే విడుదల చేసింది. మూడేళ్ల తర్వాత, 2018 జూన్‌లో, అదే సంస్థ ఎల్డర్ స్క్రోల్స్ 6 అనే గేమ్‌కు కొండలు, ఆకాశం, పేరు మాత్రమే ఉన్న అర నిమిషం టీజర్ చూపించింది. ఏడేళ్లు గడిచినా తేదీ చెప్పలేదు. ఆన్‌లైన్ గేమ్ అయిన ఫాల్ఔట్ 76ను అదే వేదికపై చూపించారు కనుక, ఒంటరిగా ఆడే పాత అభిమానులను మరచిపోలేదని భరోసా ఇవ్వడానికే ఆ టీజర్ అని నేను అనుకుంటాను.

తేదీ చెప్పే విషయంలో జీటీఏ 6కు పూర్తిగా వ్యతిరేక ఉదాహరణ హాలో నైట్ అనే గేమ్‌కు సీక్వెల్ సిల్క్‌సాంగ్. ఆస్ట్రేలియాలోని చిన్న బృందం టీమ్ చెర్రీ దాన్ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆరేళ్లకు పైగా నిరీక్షణ తర్వాత, 2025 ఆగస్టు 21న తేదీ చెప్పి సెప్టెంబరు 4న విడుదల చేసింది. రెండు వారాలే గడువు ఉండటంతో, సంక్రాంతి బరిలోకి పెద్ద హీరో దిగాడని తెలిసిన చిన్న సినిమాల్లా, పలు చిన్న గేమ్‌లు తమ తేదీలను మార్చుకున్నాయి. ఆ రోజు కొనేవాళ్ల తాకిడికి పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ స్టోరే కాసేపు మొరాయించింది.

ఇక మీ కొనుగోలు సంగతి. ప్రకటనలో ఏడాది మాత్రమే ఉంటే దాన్ని ఉద్దేశంగానే తీసుకోండి. రోజుతో సహా తేదీ ఉన్నా అది మారవచ్చని జీటీఏ 6 విషయంలో చూశాం. కన్సోల్‌లో ఇప్పుడే ఆడాలనుకునే గేమ్‌లు వేరే ఉంటే నిక్షేపంగా కొనుక్కోండి. ఈ ఒక్క గేమ్ కోసమే అయితే విడుదలకు దగ్గరపడేదాకా ఆగడం మేలు, ఎందుకంటే ఈలోగా పెట్టెలో కూర్చున్న కన్సోల్‌కు వారంటీ మాత్రం కరిగిపోతూ ఉంటుంది.

పీసీ విషయంలో తొందరపడవద్దు. 2025 నవంబరు నాటి ప్రకటనలో ఉన్నవి ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ మాత్రమే. జీటీఏ 5 కన్సోళ్లలో 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో చేరింది, రెడ్ డెడ్ రిడంప్షన్ 2కు కూడా ఏడాదికి పైగా పట్టింది. అందువల్ల ఈ గేమ్ పేరు చెప్పుకుని ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు మార్చవద్దు, అధికారిక సిస్టమ్ వివరాలు వచ్చాకే మీ 1650 సరిపోతుందో లేదో చూసుకోవచ్చు.

చివరగా, జీటీఏ 6 బీటా (పరీక్షార్థ వెర్షన్) అంటూ టెలిగ్రామ్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లను (ఆండ్రాయిడ్ యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) మీ ఫోన్‌లో వేసుకోవద్దు. మొబైల్‌కు ఈ గేమ్‌ను రాక్‌స్టార్ ప్రకటించనే లేదు కనుక, ఆ ఫైలులో మరేదైనా ఉంటుంది గానీ గేమ్ మాత్రం ఉండదు.