మీ ప్రశ్న – నా జవాబు: సెర్బియా సిపాయిల సంగతి

పోయిన సంచికలో మొదటి ప్రపంచయుద్ధం గురించి రాస్తూ, మిత్రపక్షానికి తొలి విజయం తెచ్చింది ఫ్రాన్సూ కాదు, బ్రిటనూ కాదు, సెర్బియా అని ఒక వాక్యం రాశాను. వ్యాసం మొత్తంలో ఆ వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. ఈసారి పేజీ అంతా వాటికే ఇచ్చేశాను. సైన్యంలో నా ఉద్యోగమంతా సరఫరా విభాగంలో, హిమాలయాల్లో ఖచ్చర్ల (కంచర గాడిదల) వెనక నడుస్తూ గడిచింది. అందుకని నా జవాబుల్లో కత్తుల మెరుపు కన్నా తిండి మూటల లెక్కే ఎక్కువ ఉంటుంది. సర్దుకోండి.

ప్రశ్న: అంత చిన్న దేశం ఆస్ట్రియా-హంగరీ లాంటి సామ్రాజ్యాన్ని ఎలా ఓడించగలిగింది? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

1914 నాటి సెర్బియా సైన్యం కొత్తగా తుపాకీ పట్టింది కాదు బాబూ. 1912లో ఒకటి, 1913లో ఒకటి, రెండు బాల్కన్ యుద్ధాలు చేసొచ్చింది. అనుభవం దండిగా ఉంది. ఆ రెండు యుద్ధాలూ కొట్లు ఖాళీ చేసేశాయి కూడా. తుపాకులు చాలవు, గుండ్లు చాలవు, బట్టలు అసలే చాలవు. వయసును బట్టి మూడు విడతలుగా జనాన్ని పిలిచేవారు. మూడో విడతలో వచ్చే నడివయసు రైతులకు యూనిఫాం లేదు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన బట్టలు, కాళ్లకు ఒపాంక్ అనే తోలు చెప్పులు, భుజాన తుపాకీ, అంతే.

వీళ్ల సేనాధిపతి రదోమిర్ పుట్నిక్ ముసలాయన, ఊపిరితిత్తుల రోగి. యుద్ధం ముంచుకొచ్చే వేళకు ఆయన ఎక్కడున్నాడనుకున్నారు? శత్రుదేశంలోనే, ఆస్ట్రియాలోని ఒక ఆరోగ్య స్నానాల ఊళ్లో! తిరిగొస్తుంటే బుడాపెస్టులో పట్టుకున్నారు. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పెద్దమనిషి తరహాలో వదిలేయమన్నాడు. ఈలోగా బెల్‌గ్రేడులో ఇంకో తంటా. యుద్ధ ప్రణాళికలున్న ఇనప్పెట్టె తాళంచెవి పుట్నిక్ దగ్గరే ఉండిపోయింది. కింది అధికారులు పెట్టెను పేల్చి కాగితాలు బయటికి తీశారు.

ఆగస్టులో ఆస్ట్రియా సేనలు ద్రీనా నది దాటి వచ్చాయి. జనరల్ స్టెపా స్టెపానోవిచ్ తన మనుషుల్ని ఎండలో పరుగున నడిపించి త్సేర్ కొండ మీదికి ఎక్కించాడు. 15వ తేదీ రాత్రి చీకట్లో రెండు సైన్యాలూ ఢీకొన్నాయి. 20వ తేదీ నాటికి ఆస్ట్రియన్లు వచ్చిన దారినే నది దాటుతున్నారు. నేను రాసిన తొలి విజయం ఇదే.

కానీ నన్నడిగితే అసలు పాఠం త్సేర్ కాదు, కోలుబారా నది దగ్గరి పోరు. నవంబరులో ఆస్ట్రియా సేనాని పొతియోరెక్ మళ్లీ విరుచుకుపడ్డాడు. సెర్బుల ఫిరంగులకు గుండ్లు నిండుకున్నాయి. అవతలి వాళ్లు కొడుతుంటే కందకంలో కూర్చుని దెబ్బలు తినడం తప్ప జవాబివ్వడానికి లేదు. సిపాయిలు ఊళ్లకు జారుకోవడం మొదలైంది. ఫ్రాన్సు నుంచి గ్రీసులోని సలోనికా రేవు మీదుగా గుండ్లు వచ్చాయి కానీ కొలత తేడా! ఫిరంగిలో పట్టవు. వాటిని క్రాగుయెవాత్స్ ఆయుధశాలకు పంపి సరిచేయించాల్సి వచ్చింది. ఎంత పెద్ద సైన్యానికైనా ఇలాంటి చిన్న తేడాలే ప్రాణం మీదికి తెస్తాయి. ఇది సరఫరాలో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు.

అప్పుడు ఒకటో సైన్యం పగ్గాలు జివోయిన్ మిషిచ్ చేతికొచ్చాయి. ఆయన చేసిన పని పైవాళ్లకు నచ్చలేదు. సైన్యాన్ని బాగా వెనక్కి లాగేశాడు. బెల్‌గ్రేడు వదులుకోవాల్సి వస్తుందన్నారు, వస్తే రానీ అన్నాడు. ఆయన లెక్క ఒకటే: మనవాళ్లు కాస్త నిద్రపోవాలి, వేడి తిండి తినాలి, గుండ్లు అందాలి. ఈలోగా ముందుకొచ్చేకొద్దీ శత్రువు బండ్లు బురదలో దిగబడాలి. డిసెంబరు 2న ఆస్ట్రియన్లు బెల్‌గ్రేడులో అడుగుపెట్టారు. మర్నాడే మిషిచ్ ఎదురుదాడి మొదలెట్టాడు. 15వ తేదీకల్లా రాజధాని మళ్లీ సెర్బులదైంది. పొతియోరెక్ ఉద్యోగం ఊడింది. డెబ్బై ఏళ్ల రాజు పీటర్ ఆ రోజుల్లో కందకాల దాకా వెళ్లి, 'నాకు చేసిన ప్రమాణం నుంచి మిమ్మల్ని విడిపిస్తున్నాను, వెళ్లేవాళ్లు వెళ్లండి, నేను ఇక్కడే ఉంటాను' అన్న అర్థంలో మాట్లాడాడని చెప్పుకుంటారు. ఆ మాటలు చెప్పేవాణ్ని బట్టి మారుతుంటాయి. ముసలి రాజు కందకాల దగ్గరికి వెళ్లడం మాత్రం నిజం.

ప్రశ్న: యుద్ధాల్లో తూటాల కన్నా రోగాలే ఎక్కువమందిని చంపుతాయంటారు. సెర్బియాలోనూ అంతేనా? (స్టాఫ్ నర్సు, గుంటూరు)

అంతేనమ్మా, ఇంకా ఎక్కువే. కోలుబారాలో ఓడి పారిపోయిన ఆస్ట్రియన్లు వల్యెవో పట్టణంలో తమ రోగుల్ని, గాయపడ్డవాళ్లని వదిలిపోయారు. యుద్ధఖైదీలు వేలల్లో చిక్కారు. వాళ్లతోపాటు పేలు వచ్చాయి, పేలతో టైఫస్ అనే జ్వరం వచ్చింది. 1915 వసంతం దాటేలోగా సిపాయిలు, పౌరులు, ఖైదీలు అంతా కలిపి లక్షన్నర దాకా పోయారని అంచనా. దేశం మొత్తానికి ఉన్న వైద్యులే నాలుగొందల లోపు. వాళ్లలో నూరుమందికి పైగా ఈ జ్వరానికే బలయ్యారు.

మీ వృత్తి కాబట్టి ఈ ముక్క మీకు నచ్చుతుంది. బ్రిటన్ నుంచి వచ్చిన పారిశుధ్య బృందం అక్కడ కనిపెట్టిన విరుగుడు ఒక పీపా! అడుగున చిల్లులు పెట్టిన పీపాలో బట్టలు వేసి, కింద నీళ్లు మరిగించి, ఆవిరికి పేలూ గుడ్లూ చచ్చేలా చేసేవారు. మన ఇడ్లీ పాత్రకు పెద్దన్న అనుకోండి. రైళ్లు ఆపారు, సెలవులు ఆపారు, పీపాలు ఊరూరా పెట్టారు, జ్వరం తగ్గింది.

స్కాట్లండు మహిళా ఆసుపత్రుల దళాన్ని నడిపిన డాక్టర్ ఎల్సీ ఇంగ్లిస్ కూడా ఆ ఏడాదే సెర్బియాకు వెళ్లింది. ఆవిడ పుట్టింది మన నైనితాల్‌లో, 1864లో. తండ్రి ఇక్కడ కంపెనీ కొలువులో చేరి తర్వాత సివిల్ సర్వీసులో పనిచేశాడు. యుద్ధం మొదలైనప్పుడు సేవ చేస్తానని బ్రిటిష్ సైనిక కార్యాలయానికి వెళితే, ఇంటికెళ్లి కూర్చోమన్నారట. సెర్బులు రమ్మన్నారు. వాళ్ల శ్వేత గరుడ పతకం అందుకున్న తొలి మహిళ ఆవిడే.

ప్రశ్న: 1915లో దేశమంతా పోయాక లొంగిపోకుండా మంచుకొండలు దాటి వెళ్లడం మూర్ఖత్వం కాదా? (రిటైర్డ్ టీచర్, తెనాలి)

మాస్టారూ, ఫలితం తెలిశాక మనం అడుగుతున్న ప్రశ్న ఇది. అయినా అడగాల్సిందే.

అక్టోబరులో ఉత్తరం నుంచి జర్మన్ సేనాని మాకెన్సెన్ నాయకత్వంలో జర్మన్లు, ఆస్ట్రియన్లు, వారం తిరక్కుండా తూర్పు నుంచి బల్గేరియా. బల్గేరియన్లు ముందు చేసిన పని వర్దార్ లోయ రైలుమార్గాన్ని తెంచడం. సలోనికా రేవు నుంచి సెర్బియాకు తిండీ గుండ్లూ వచ్చే గొట్టం అదొక్కటే. అది పోయాక ధైర్యం గురించి మాట్లాడి లాభం లేదు. సైన్యం కొసావో మైదానంలోకి జరిగింది. నవంబరు చివర్లో ఉత్తర్వు వచ్చింది: లొంగుబాటు లేదు, సంధి లేదు, మోంటెనెగ్రో, అల్బేనియా కొండల మీదుగా సముద్రానికి.

పేచ్ ఊరి దాకా ఎడ్లబండి వెళ్తుంది. ఆ తర్వాత కాలిబాటే. అక్కడే ఫిరంగులు పగలగొట్టారు, పూడ్చారు, లారీలు తగలబెట్టారు. మూడేళ్లుగా ఆ ఫిరంగుల్ని తోసుకుంటూ తిరిగినవాళ్లే ఆ పనీ చేశారు. కొండదారిలో ఖచ్చర్ జారితే ఏమవుతుందో నేను చూశాను. దాని వీపు మీదున్న రొట్టెలతో సహా లోయలోకి పోతుంది, ఆ పూట ఒక ప్లటూన్ పస్తు. అక్కడ జారింది వేల జంతువులు. పడిపోయిన గుర్రాల మాంసం కోసుకు తిన్నారు. నడవలేని పుట్నిక్‌ను పల్లకీలాంటి పెట్టెలో కూర్చోబెట్టి సిపాయిలు మోశారు. సైన్యంలో చేర్చుకోవడానికని వెంట తీసుకెళ్లిన కుర్రాళ్లు వేలల్లో చచ్చిపోయారు. ఆస్ట్రియా ఖైదీలను కూడా ఇదే దారిలో తోలారు. ఈ సంగతి వీరగాథల్లో అంతగా కనిపించదు.

తీరం చేరితే తిండి దొరుకుతుందనుకున్నారు. డిసెంబరు మొదట్లో మెదువా రేవులో సరుకు ఓడల్ని ఆస్ట్రియా నౌకాదళం ముంచేసింది. ఇంకా దక్షిణానికి, బురద నేలల గుండా నడవాల్సి వచ్చింది. చివరికి మిత్రపక్షాల ఓడలు సుమారు లక్షన్నర మందిని తరలించాయి, ఎక్కువమందిని కొర్ఫూ దీవికి. అక్కడా చావు వదల్లేదు. నెలల తరబడి మాడిన కడుపుకు ఒక్కసారిగా తిండి పెడితే తట్టుకోదు. పక్కనున్న వీదో అనే చిన్న దీవిని రోగులకు కేటాయించారు. రాతినేలలో గోతులు తవ్వలేక శవాల్ని సముద్రంలో దించారు, అయిదువేలకు పైగా.

మూర్ఖత్వమా? బతికినవాళ్లు కొత్త బట్టలు, కొత్త ఫ్రెంచి తుపాకులతో 1916లో సలోనికా యుద్ధరంగానికి వెళ్లారు. ఆ సెప్టెంబరులో 2,521 మీటర్ల కైమక్చలాన్ శిఖరం గెలిచారు. 1918 సెప్టెంబరు 15న దోబ్రో పోల్యె దగ్గర శత్రువు రక్షణ గీత తెగింది, రెండు వారాల్లో బల్గేరియా చేతులెత్తేసింది, నవంబరు 1న బెల్‌గ్రేడు చేరారు. లొంగిపోయి ఉంటే ఇవేవీ లేవు. దారిలో పోయిన కుర్రాళ్ల తల్లులు ఈ లెక్కకు ఒప్పుకుంటారని మాత్రం నేను చెప్పను.

ప్రశ్న: ఆ సైన్యంలో ఆడవాళ్లు తుపాకీ పట్టి పోరాడారట. నిజమేనా? (గృహిణి, నిజామాబాద్)

నిజమే. మిలుంకా సావిచ్ పల్లెటూరి పిల్ల. బాల్కన్ యుద్ధాలప్పుడు మగవేషంలో చేరింది. 1913లో గాయపడి ఆసుపత్రికి వెళితే గుట్టు బయటపడింది. నర్సుగా చేరమన్నారు, తుపాకీ ఇస్తేనే ఉంటానంది. మొదటి ప్రపంచయుద్ధంలో చేతిబాంబులు విసరడంలో దిట్ట. ఒక దాడిలో 23 మంది బల్గేరియన్లను పట్టుకుంది. సెర్బియా కరజోర్జె పతకం రెండుసార్లు, ఫ్రాన్సు పెద్ద పతకాలు కూడా. యుద్ధం అయ్యాక బెల్‌గ్రేడులో ఒక బ్యాంకులో గదులు తుడిచే పనిలో చేరింది. 1973లో పోయింది. ప్రముఖుల శ్మశానవాటికలోకి ఆమెను మార్చడానికి 2013 దాకా పట్టింది. పతకం ఇచ్చిన ప్రభుత్వానికి పింఛను సంగతి గుర్తుండకపోవడం ఏ ఒక్క దేశపు జబ్బో కాదనుకోండి.

ఫ్లోరా శాండ్స్ అనే ఇంగ్లీషావిడ నర్సుగా వచ్చి, వెనకడుగు సమయంలో సిపాయిగా మారింది. ఆ తర్వాత కెప్టెన్ దాకా ఎదిగింది.

ప్రశ్న: అదే యుద్ధరంగంలో భారతీయ సైనికులున్నారా? (మాజీ సైనికుడు, తాడేపల్లిగూడెం)

ఉన్నారు సార్, మన శాఖవాళ్లే! తుర్కీలోని గలిపోలీలో పనిచేసిన భారతీయ ఖచ్చర్ దళాల్లో కొన్ని 1915 చివర్లో సలోనికాకు వెళ్లాయి. బ్రిటిష్ సేనలకు సరుకు మోశాయి. సలోనికానే ఇప్పుడు థెస్సలొనీకీ అంటారు. ఆ నగరంలో మొనాస్టిర్ రోడ్డు మీద భారతీయ సైనికుల శ్మశానం ఇప్పటికీ ఉంది. అదే నగరంలో జైతిన్లిక్ అనేచోట సెర్బుల శ్మశానం. ఏడువేలకు పైగా సమాధులు. ఒకే కుటుంబం మూడు తరాలు దానికి కాపలా కాసింది. మూడో తరం కాపలాదారు జోర్జె మిహైలోవిచ్ 2023లో, తొంభై అయిదో ఏట పోయాడు. అటు వెళ్లేవాళ్లు చాలామంది జైతిన్లిక్ చూసి వెనుదిరుగుతారు. మొనాస్టిర్ రోడ్డుకూ వెళ్లండి.

ప్రశ్న: మీరు వాళ్లను మరీ పొగుడుతున్నారేమో. తప్పులేమీ చేయలేదా? (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్)

చేశారమ్మా. 1912–13లో కొసావో, ఉత్తర అల్బేనియా ప్రాంతాల్లో అల్బేనియన్ పల్లెలు తగలబెట్టారు, నిరాయుధుల్ని చంపారు. కార్నెగీ సంస్థ విచారణ బృందం 1914 నివేదికలో బాల్కన్ సైన్యాలన్నిటి అకృత్యాల్నీ నమోదు చేసింది. సెర్బుల్నీ వదల్లేదు. సెర్బియాలోనే దిమిత్రియె తుత్సోవిచ్ అనే సోషలిస్టు, స్వయంగా సైన్యంతో వెళ్లినవాడు, దీన్ని బహిరంగంగా ఖండిస్తూ పుస్తకం రాశాడు. అదే మనిషి 1914 నవంబరులో అధికారిగా కోలుబారాలో పోరాడుతూ చనిపోయాడు. ఈ రెండూ ఒకే మనిషి చేశాడంటే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

1915 వెనకడుగులో కొండల్లో కొన్ని అల్బేనియన్ తెగలు సెర్బుల మీద కాల్పులు జరిపాయంటే, రెండేళ్ల కిందటి పగ ఉంది మరి. అలాగని అల్బేనియన్లంతా అలా చేయలేదు. మధ్య అల్బేనియాలో అక్కడి నాయకుడు ఎస్సాద్ పాషా దారి ఇచ్చాడు, సాయం చేశాడు. సెర్బులు కూడా బాధితులయ్యారు. 1914 ఆగస్టులో మాచ్వా ప్రాంతంలో ఆస్ట్రియా సేనలు పౌరుల్ని ఊచకోత కోస్తే, స్విట్జర్లాండు నుంచి నేరపరిశోధనా నిపుణుడు ఆర్చిబాల్డ్ రైస్ వచ్చి సాక్ష్యాలు సేకరించాడు. ఆయన తర్వాత సెర్బియాలోనే ఉండిపోయాడు.

ప్రశ్న: ఫిరంగితో విమానం కూల్చిన సిపాయి కథ ఎంతవరకు నిజం? (తొమ్మిదో తరగతి, విజయనగరం)

నిజమే నాయనా. 1915 సెప్టెంబరు 30న క్రాగుయెవాత్స్ మీదికి శత్రు విమానాలు వచ్చాయి. రదోయె ల్యుటోవాత్స్ అనే సిపాయి దగ్గరున్నది తుర్కుల నుంచి పట్టుకున్న పాత ఫిరంగి. ఆకాశంలోకి గురిపెట్టే సరంజామా దానికి లేదు. కంటి అంచనాతోనే కాల్చాడు, విమానం ఊరి మధ్య కూలింది. పతకంతోపాటు కార్పొరల్ హోదా ఇచ్చారు. ఆ రోజు పేల్చిన మిగతా గుండ్లలో చాలావరకు గాలికి పోయాయని గుర్తుంచుకో. ఇంటి దగ్గర ఎవరూ ప్రయత్నించొద్దు, డ్రోన్ల మీద కూడా.