మరి ఆ కొసరు ఎందుకు పోసినట్టు?

చిరంజీవికి ఆశీస్సులు.

మార్టిన్ ఫాంటసీ నవలల మీద నీ వ్యాసం అందింది. పందొమ్మిది పేజీలూ ఒకే రాత్రి చదివాను. పదకొండో పేజీ దగ్గర కోపం వచ్చింది. చివరి పేజీకి వచ్చేసరికి అది ఇంకా పెరిగింది. కోపంలో రాయకూడదని వారం రోజులు ఆగాను. తగ్గలేదు కాబట్టి ఇక రాస్తున్నాను. భాష బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు.

మొదటి మూడు పేజీల్లో నాకోసం కథంతా చెప్పుకొచ్చావు. అక్కర్లేదు నాయనా. 2012లో మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలు మంచం మీద ఉంటే, మా అమ్మాయి జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలల వరసలో అప్పటికి వచ్చిన ఐదు పుస్తకాలూ తెచ్చి తలగడ పక్కన పెట్టింది. అందులో ఉత్తరాది ప్రభువు నెడ్ స్టార్క్ కాలు విరిగి, ఒళ్ళు తెలియని జ్వరంలో పాత యుద్ధాన్ని కలగనే అధ్యాయం నేను కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని చదివాను. ఆ పుస్తకాలు నాకు బాగా తెలుసు. అందుకే నీ మీద కోపం వచ్చింది.

మరుగుజ్జు టిరియన్, పెద్దింటి ప్రభువు టైవిన్ లానిస్టర్ కొడుకు కాదు, పిచ్చి రాజు ఏరిస్ కొడుకు అని నీ వాదం. నువ్వు చూపించిన ఆధారాలన్నీ పుస్తకంలో ఉన్నవే. తెల్లగా కనిపించేంత లేత జుట్టు. ఒక కన్ను ఆకుపచ్చ, ఒకటి నలుపు. చిన్నప్పుడు డ్రాగన్ల కలలు కనేవాణ్ణని అతను, నెడ్ అక్రమ సంతానమని లోకం అనుకునే జాన్ స్నోతో చెప్పుకోవడం. 2000లో వచ్చిన మూడో పుస్తకం చివర టిరియన్ బాణం తగిలి ప్రాణం పోతూ టైవిన్ ‘నువ్వు నా కొడుకువి కావు’ అనడం. 2011లో వచ్చిన ఐదో పుస్తకంలో, టైవిన్ పెళ్ళి రాత్రి ఏరిస్ పెళ్ళికూతురు జొవానాతో హద్దు మీరి ప్రవర్తించాడని ముసలి వీరుడు బారిస్టన్ ఏరిస్ కూతురు డెనేరిస్‌కు చెప్పడం. ఒక్కొక్కటీ సరైన చోట పెట్టావు. చదువుతూ నేనూ కొంచెం ఊగాను.

మరి మధ్యలో నాలుగో పుస్తకం ఏమైంది?

2005లో వచ్చిన ఆ పుస్తకంలో టైవిన్ చెల్లెలు జెన్నా ఉంది. అన్న పోయాక మేనల్లుడు జేమీతో మాట్లాడుతూ, టైవిన్‌కు అసలైన కొడుకు టిరియన్, నువ్వు కాదు అంటుంది. ఆ మాట ఒకసారి అన్న ముఖం మీదే అన్నందుకు ఆయన ఆరు నెలలు తనతో మాట్లాడలేదని కూడా చెబుతుంది. నీ థియరీకి అడ్డంగా నిలబడ్డ మాట అది. నీ పందొమ్మిది పేజీల్లో జెన్నా పేరే లేదు. చదవలేదు అనుకుందామంటే, అదే అధ్యాయంలోని రివర్‌రన్ ముట్టడి సంగతి తొమ్మిదో పేజీలో వాడుకున్నావు. అంటే చదివావు. చదివి దాచావు.

ఆ మాటను తెచ్చి మా ముందు పెట్టి, ‘జెన్నా అన్నది రక్తం గురించి కాదు, బుద్ధి గురించి’ అని వాదించి ఉంటే నేను ఒప్పుకునేదాన్నేమో. దానికి చోటుంది. దాచావు కాబట్టి, నువ్వు చూపించిన మిగతా ఆధారాలను కూడా అనుమానంతో మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చింది. నా మట్టుకు టిరియన్ టైవిన్ కొడుకే. తనకు అచ్చుగుద్దినట్టు ఎవడు పుట్టాడో వాణ్ణే ఆ తండ్రి జీవితమంతా చూడలేకపోయాడు. రక్తం వేరని తేలితే ఆ బాధలో సగం ఆవిరైపోతుంది. కానీ అది నా ఇష్టం. నా ఇష్టానికి అడ్డొస్తుందని బారిస్టన్ మాటను నేను దాచను.

దాచడం గురించే ఇంకో మాట. ఆరో పేజీలో ఒక్క వాక్యం రాశావు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న మొదటి పుస్తకం వీపు ఊడి రెండు ముక్కలైందని, ముందు సగం నువ్వు, వెనక సగం మీ అక్క పట్టుకుని చదివేవాళ్ళని, అక్క లాంగ్ నోట్‌బుక్‌లో ‘నీలం గులాబీలు’ అని హెడ్డింగ్ పెట్టి పేజీ నంబర్లు రాసుకుందని. ఆ వాక్యం దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. తర్వాతి పేజీ తిప్పితే ‘నేను గమనించాను’, ‘నేను పోల్చి చూశాను’. అక్క ఏమైంది? నీలం గులాబీలను ఒకచోట చేర్చింది ఆమె కదా! జెన్నాను దాచిన చెయ్యే అక్కనూ దాచింది.

ఇక చివరి పేజీ. జాన్ స్నో తల్లి నెడ్ చెల్లెలు లియానా అని లోకమంతా కనిపెట్టేసింది, 2016లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్‌లో కూడా చూపించేశారు, కాబట్టి మార్టిన్ రాబోయే పుస్తకంలో దాన్ని మార్చి అందరినీ ఆశ్చర్యపరచాలి అని తీర్పు ఇచ్చావు. దానికి తోడు ఉత్తరంలో నీ సొంత నవల సంగతి. స్నేహితుడు సగంలోనే ముగింపు చెప్పేశాడట, నువ్వు అదే రాత్రి కూర్చుని ముగింపు మార్చేశావట. అది గొప్పగా చెప్పుకున్నావు. ఆ పని నేనూ చేశాను. ఎలా ఉంటుందో చెబుతాను విను.

1986లో ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తుండేది. పెద్దింట్లో పెరిగే పిల్లాడు, తల్లి ఎవరో తెలియదు. ఆ ఇంటికి రోజూ పాలు పోసే మనిషి ఒకామె ఉంటుంది. ఎవరింట్లోనైనా అడిగితే తప్ప కొసరు పోయదు. ఈ ఇంట్లో మాత్రం పిల్లాడు గిన్నె పట్టుకొస్తే అడక్కుండానే పోస్తుంది. ఇంకెవరు గిన్నె తెచ్చినా పోయదు. మూడో వారంలో రెండు వాక్యాల్లో ఆ సంగతి రాసి వదిలేశాను. ఆమే తల్లి అని చివర్లో తెలియాలి. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

పదకొండో వారంలో గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలి కార్డు వచ్చింది. ‘పాలు పోసే ఆమే పిల్లాడి తల్లి కదమ్మా? కొసరు చూసి అనుకున్నాను’ అని. నేను ఎగిరి గంతేశాను. ఎక్కడో ఒక ఇంట్లో, పొయ్యి మీద కూర పెట్టి మరీ నా సీరియల్ చదివే మనిషి, ఆ రెండు వాక్యాలు చూసింది! ఆ ఆనందంలో కార్డు పట్టుకెళ్ళి ఎడిటర్‌కు చూపించాను. ఆయన ముఖం మాడిపోయింది. ‘కథ లీకైపోయిందండీ, మార్చెయ్యండి, ఎవరూ ఊహించని ట్విస్ట్ ఇవ్వండి’ అన్నారు. ఇంకా ఆరు వారాలు మిగిలాయి. ఆ పత్రిక చెక్కు మీద మా ఇంటి అద్దె నడిచేది. మార్చాను. ఎప్పుడో చనిపోయిన పెద్దయ్య చెల్లెల్ని తీసుకొచ్చి ఆమెను తల్లిని చేశాను. ఎవరూ ఊహించలేదు. ఎలా ఊహిస్తారు? కథలో దానికి ఆనవాలే లేదు.

సీరియల్ అయిపోయిన వారానికి అదే చేతిరాతతో ఇంకో కార్డు వచ్చింది. ఒకటే వాక్యం. ‘మరి ఆ కొసరు ఎందుకు పోసినట్టు?’

జవాబు రాయలేకపోయాను. పుస్తకంగా వేసేటప్పుడైనా పాత ముగింపు పెట్టమని పబ్లిషర్‌ను బతిమాలాను. పత్రిక పేజీలే కంపోజింగ్‌కు ఇచ్చేశామన్నారు. ఆ నవల రెండు ముద్రణలు పొందింది. నేను ఇంతవరకూ దాన్ని తిరిగి తెరవలేదు. ఇప్పటికీ ఎడిటర్లు ఫోన్ చేస్తే కథేమిటని అడగరు, చివర్లో ట్విస్ట్ ఉందా అని అడుగుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు జాన్ స్నో దగ్గరికి రా. మొదటి పుస్తకం 1996 నాటిది. జాన్ గురించి భార్య కేట్లిన్ నిలదీస్తే నెడ్ ‘వాడు నా రక్తం’ అంటాడు, అంతకు మించి అడగొద్దంటాడు. అబద్ధం లేదు, నిజమూ పూర్తిగా లేదు. జ్వరం కలలో నెడ్ వెంట ఆరుగురు, ఎదురుగా తెల్ల అంగీల్లో ముగ్గురు. రాజు చచ్చిపోయి, యువరాజు కూడా పోయాక, రాజకుటుంబాన్ని కాపాడాల్సిన ఆ వీరులు ఎక్కడో ఎర్ర కొండల ముందు ఒక బురుజు దగ్గర ఏం కాపలా కాస్తున్నారు? ఆ ప్రశ్న నెడ్ అడగడు, మనం అడగాలి. కలలో లియానా గొంతు, నెడ్‌ను పేరు పెట్టి పిలుస్తూ. మాట ఇస్తున్నానని నెడ్ గొణుగుడు. రక్తపు చారల ఆకాశంలో నీలం రేకులు. తర్వాత చెరసాల చీకట్లో నెడ్‌కు పాత పోటీలు గుర్తొస్తాయి. యువరాజు రేగార్ తన భార్యను దాటుకుని పోయి నీలం గులాబీల కిరీటం లియానా ఒడిలో పెట్టడం. ఆ తర్వాతి పుస్తకంలో, ఎక్కడో సముద్రాల అవతల డెనేరిస్‌కు ఒక దృశ్యం కనిపిస్తుంది: మంచు గోడ పగుల్లో పూసిన నీలం పువ్వు. ఆమెకు దాని అర్థం తెలియదు. మీ అక్కకు తెలిసింది.

ఇవి ఊరికే దొర్లిన పూలు కావు. 1993లో, మొదటి పుస్తకం రావడానికి మూడేళ్ళ ముందు, మార్టిన్ తన ఏజెంట్‌కు రాసిన ప్రణాళిక 2015లో బయటపడింది. అప్పటికి ఇది మూడు పుస్తకాల కథ. జాన్‌కూ నెడ్ కూతురు ఆర్యాకూ మధ్య ప్రేమ ఉంటుందని రాసుకున్నాడు. తర్వాత ఎన్ని మారాయో చూడు. మూడు ఏడయ్యాయి, ఆ ప్రేమ కథ గాలికి పోయింది. కానీ జాన్ అసలు తల్లిదండ్రులెవరో చివరి పుస్తకంలో తెలుస్తుందన్న మాట ఆ ప్రణాళికలోనే ఉంది. టీవీ సీరియల్ తీస్తామని వచ్చిన ఇద్దరినీ ఆయన అడిగిన ప్రశ్న కూడా జాన్ తల్లి ఎవరనే. వాళ్ళు సరిగ్గా చెప్పారు. పుస్తకాన్ని ఊహించగలిగినవాళ్ళకే ఆయన పుస్తకాన్ని అప్పగించాడు, చూశావా! ఎవరో ముందే కనిపెట్టారని కథను మార్చడం తప్పని, అలా మారిస్తే అప్పటిదాకా వేసిన ఆనవాళ్ళన్నీ వృథా అవుతాయని కూడా ఆయన బయటికే చెప్పాడు.

ఇంకో సంగతి. తప్పు దారులు కూడా ఆయనే వేశాడు. జాన్ తల్లి విల్లా అనే ఆమె అని ఒకచోట, అషారా డేన్ అని ఇంకోచోట, జాలరి కూతురని ఐదో పుస్తకంలో మరోచోట వినిపిస్తుంది. ఆ మూడు మాటలూ వేర్వేరు నోళ్ళ నుంచి వచ్చినవే. ఈ ముగ్గురినీ పక్కన పెట్టకుండా ముందు పెట్టుకుని వాదించినవాళ్ళ వల్లే లియానా వాదం అంత గట్టిపడింది. నీకు జెన్నా దగ్గర దొరికింది అలాంటి అవకాశమే.

మా అమ్మాయి రాబర్ట్ జోర్డాన్ రాసిన ఇంకో ఫాంటసీ నవలల వరస ‘వీల్ ఆఫ్ టైమ్’ చదివేది. అందులో 1993 నాటి ఐదో పుస్తకం చివర అస్మోడియన్ అనేవాడు తలుపు తీస్తాడు, ఎదుటి మనిషిని గుర్తుపడతాడు, చచ్చిపోతాడు. చంపిందెవరో చెప్పరు. జోర్డాన్ అది తెలిసిపోయేదే అన్నాడు గానీ పేరు చెప్పలేదు. 2007లో ఆయన పోయాడు. 2010లో, వేరే రచయిత పూర్తి చేస్తున్న పదమూడో పుస్తకం వెనక పదకోశంలో జవాబు వచ్చింది, గ్రెండాల్ అనే ఆమె చంపిందని. పదిహేడేళ్ళు వాదించుకున్న మనుషులకు పదకోశంలో ఒక ముక్క! వాళ్ళకు ఒక సన్నివేశం రావాల్సింది. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ పేరు మాత్రం మార్చలేదు. అంతకాలం గ్రెండాల్ అని వాదించినవాళ్ళు పాత పుస్తకం తీసి చూసుకుంటే ఆనవాళ్ళు అక్కడే ఉన్నాయి.

తెలిసిపోతే కథ చచ్చిపోతుందని నీకు ఎవరు చెప్పారు? మా ఊళ్ళో హరిదాసు గారు ఉద్యోగపర్వం చెబుతుంటే, కర్ణుడు ఎవరి కొడుకో తెలియని పిల్లవాడు కూడా ఆ పందిట్లో ఉండేవాడు కాదు. అయినా కృష్ణుడు రథం మీద కూర్చోబెట్టుకుని ఆ రహస్యం చెప్పేటప్పుడు, తర్వాత కుంతి గంగ ఒడ్డుకు వెళ్ళి నిలబడినప్పుడు, జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. మనకు తెలుసు. ఆయనకు ఇప్పుడు తెలుస్తుంది. తెలిశాక ఏం చేస్తాడు? జాన్ స్నోకు కూడా పుస్తకాల్లో ఇంకా తెలియదు. ఐదో పుస్తకం చివర కత్తిపోట్లు తిని మంచులో పడిపోయాడు. అతనికి తెలిసే క్షణం కోసమే నేను ఎదురుచూస్తున్నాను.

కలం పేరు గురించి, పబ్లిషర్ల గురించి, ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగావు. వాటికి ఇప్పుడు రాయను. వ్యాసం మళ్ళీ రాయి. జెన్నాను మొదటి పేజీలో పెట్టు. ఆమె వైపు నుంచి నీ థియరీని నువ్వే ఓడించడానికి చూడు, నిజాయితీగా, నీకు చెమటలు పట్టేలా. ఆ తర్వాత ఏం మిగిలితే అది రాయి. అక్క పేరు నీ పేరు పక్కన ఉండాలి.

నీ నవల కూడా పంపు. కొత్త ముగింపు నాకొద్దు, స్నేహితుడు కనిపెట్టిన ముగింపుతో పంపు. అతను ఏ పేజీలో ఏ వాక్యం చూసి కనిపెట్టాడో అడిగి ఆ వాక్యం కింద గీత గీసి పంపు. అది చూడాలని ఉంది నాకు.

అక్క నోట్‌బుక్ జిరాక్స్ తీయించి పంపమను. లేదంటే పండక్కి విజయవాడ వైపు వస్తే ఇద్దరూ రండి. నాలుగో పుస్తకంలో జెన్నా మాట ఉన్న పేజీకి గుర్తు పెట్టి ఉంచాను, ముగ్గురం కూర్చుని వాదించుకుందాం. అక్క ఏ వైపో నాకు ముందే చెప్పకు.

ఆశీస్సులతో,
మీ అమ్మలాంటి మనిషి